గుంపుగా గుర్రాలపై: దారి, వేగం, ఆటలు

స్నేహితులతో కలిసి గుర్రాలపై ట్రెయిల్ రైడ్‌కి, అంటే అడవి, పొలం దారుల్లో స్వారీకి వెళ్లడం, మజిలీ చేసిన చోట ఆటలాడుకోవడం గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులు. ఒకే విషయం మీద వచ్చిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా ఇస్తున్నాం.

ప్రశ్న: మేం ఎనిమిది మందిమి. ఇద్దరికి స్వారీ బాగా వచ్చు, ముగ్గురికి ఓ మోస్తరు. మిగతా ముగ్గురూ గుర్రం ఎక్కడం ఇదే మొదలు. అడవి దారిలో రెండు గంటల రైడ్ అనుకుంటున్నాం. ముందెవరు ఉండాలి, వెనకెవరు ఉండాలి? ఎంత వేగంతో వెళ్లొచ్చు?

జవాబు: వేగం సంగతి మొదట తేల్చేద్దాం. అందరికంటే తక్కువ వచ్చిన మనిషి ఏ వేగంలో నిబ్బరంగా కూర్చోగలరో అదే గుంపు వేగం. మీ ముగ్గురు కొత్తవాళ్లతో అది నడకే, రెండు గంటలూ నడకే. గుర్రం మామూలు నడక గంటకు 6 నుంచి 7 కిలోమీటర్లు. ఎత్తుపల్లాలు, మధ్యమధ్య ఆగడాలు, పట్టీలు సరిచేసుకోవడాలు పోను రెండు గంటల్లో పది కిలోమీటర్లు కష్టం. ఎనిమిది కిలోమీటర్ల దారి చూసుకోండి. పన్నెండు పెట్టుకుంటే చివరి అరగంటలో ఎవరో ఒకరు ‘కాస్త పరిగెత్తిద్దాం’ అంటారు. మనుషుల కాళ్లు అలసిపోయి, గుర్రాలు ఇంటిముఖం పట్టిన ఆ సమయంలో అది అస్సలు చేయకూడని పని.

ఇక వరుస. బాగా వచ్చిన ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ ముందు నడవడం చాలా గుంపుల్లో కనిపించే తప్పు. ఒకరు మొదట, ఒకరు చివర ఉండాలి. మొదటి గుర్రం వేగంగా నడిచేది కానక్కర్లేదు, కొత్త వస్తువు కనబడినా అడుగు వెనక్కి వేయనిది కావాలి. దాని వెనకే మొదటిసారి ఎక్కినవాళ్లలో బాగా భయపడే మనిషిని ఉంచండి. తర్వాత ఓ మోస్తరుగా వచ్చినవారు, మళ్లీ కొత్తవారు, అలా ఒకరు విడిచి ఒకరు. చివరి గుర్రానికి వెనక తోడు ఉండదు. మిగతావి దూరమవుతుంటే కంగారుపడేది అదే. అందుకే అక్కడ గట్టి చెయ్యి కావాలి.

మనుషుల వరుస కుదిరాక గుర్రాల మాట కూడా అడగండి. ఏ గుర్రానికి ఏది పడదో, ఏది వెనక వచ్చేదాన్ని తంతుందో వాటిని చూసుకునేవాళ్లకే తెలుస్తుంది. తన్నే గుర్రం తోకకు ఎర్ర రిబ్బన్, అనుభవం లేని గుర్రానికి ఆకుపచ్చ రిబ్బన్ కట్టడం చాలా చోట్ల ఉన్న ఆనవాయితీ. ఎర్ర రిబ్బన్ గుర్రం వరుస చివరన నడవాలి. విత్తులు కొట్టని మగగుర్రం కొత్తవాళ్లున్న గుంపులోకి వద్దే వద్దు.

ప్రశ్న: ముందున్నవాళ్లు కాస్త ట్రాట్ (నడకకూ దౌడుకూ మధ్య వేగం) మొదలుపెడితే చాలు, వెనకున్న మా గుర్రాలు ఏకంగా దౌడు తీస్తున్నాయి. పగ్గాలు లాగినా వినవు. లోపం మాదా, గుర్రాలదా?

జవాబు: ముందున్న మనిషిది. ‘రౌతు కొద్దీ గుర్రం’ అన్నది ఒంటరి గుర్రం విషయంలో నిజం. గుంపులో మాత్రం గుర్రం ముందు గుర్రం కొద్దీ నడుస్తుంది. మంద విడిచి వెనకబడితే ప్రాణానికి ముప్పు అన్నది దాని ఒంట్లో ఉన్న భయం. మీ పగ్గం ఆ భయం తర్వాతే.

లెక్క చూడండి. ఒక్కో గుర్రం పొడవు సుమారు 2.4 మీటర్లు, మధ్యలో ఒక్కో గుర్రమంత ఎడం. ఎనిమిది గుర్రాల వరుస 36 మీటర్లు. ఒక వాగు దాటగానే ముందు మనిషి ట్రాట్ అందుకున్నారనుకోండి. నడకలో ఉన్న చివరి గుర్రం అక్కడికి రావడానికి 20 సెకన్లు పడుతుంది. ఈలోగా గంటకు 13 కిలోమీటర్ల ట్రాట్‌తో మొదటి గుర్రం 70 మీటర్ల పైనే వెళ్లిపోయి ఉంటుంది. అంటే వరుస రెండింతలైంది. ఆ దూరం పూడ్చుకోవడానికి చివరి గుర్రం దౌడు తీయక ఏం చేస్తుంది? ముందువాళ్లు ఆగగానే వెనకవన్నీ వచ్చి ఒకదానిపై ఒకటి పడతాయి. తాపులు తగిలేది అప్పుడే. ఇలా హార్మోనియం తిత్తిలా సాగి ముడుచుకునే వరుసలోనే కొత్తవాళ్లు ఎక్కువగా జారిపడతారు.

దీనికి మూడు పద్ధతులు పాటించండి. వాగు, గేటు, కూలిన చెట్టు, ఏది దాటినా ముందు మనిషి నడకతోనే వెళ్లి, వెనక ఏడు గుర్రాలకూ చోటు మిగిలేంత దూరంలో, కనీసం 40 మీటర్ల అవతల ఆగాలి. చివరి మనిషి ‘అందరం దాటాం’ అని కేక వేయాలి, ఆ కేక ఒక్కొక్కరి మీదుగా ముందుకు అందాకే కదలాలి. ట్రాట్ చేయాలంటే ముందు అందరినీ అడగాలి, ఒక్కరు వద్దన్నా మానుకోవాలి. మొదలుపెట్టడానికి కాస్త ఎగువకు పోయే దారి మంచిది, ఇంటివైపు దారి మంచిది కాదు. ఆపేటప్పుడు చెయ్యి పైకెత్తి, పది పదిహేను అడుగులు నెమ్మదిస్తూ ఆపాలి, ఉన్నట్టుండి కాదు.

మీ వంతుగా ఎడం పాటించండి. మీ గుర్రం రెండు చెవుల మధ్య నుంచి చూస్తే ముందు గుర్రం వెనక డెక్కలు నేలను తాకడం కనబడాలి. కనబడలేదంటే మరీ దగ్గరికొచ్చారు. ట్రాట్‌లో ఆ ఎడం రెట్టింపు ఉండాలి.

ప్రశ్న: గుర్రపుశాలలో జీను గట్టిగానే బిగించారు. పావుగంట తిరగకుండానే పక్కకు ఒరిగింది. ఎందుకు?

జవాబు: జీను కడుపు పట్టీని, అంటే గర్త్‌ని, ఒకే విడతలో బిగిస్తే జరిగేది ఇదే. బిగించేటప్పుడు చాలా గుర్రాలు ఛాతీ పొంగించి నిలబడతాయి. నడక మొదలయ్యాక ఊపిరి వదులుతాయి, కింద పరిచిన మెత్త అణుగుతుంది, పట్టీ వదులవుతుంది. అందుకే మూడు విడతలు. జీను వేయగానే జారకుండా ఉండేంత, ఎక్కబోయే ముందు రెండు మూడు రంధ్రాలు, బయల్దేరిన పది నిమిషాలకు అందరూ ఆగి మరోసారి. పట్టీకి, చర్మానికి మధ్య రెండు వేళ్లు బిగువుగా దూరాలి. అంతకంటే బిగిస్తే ఒరుపుడు పుళ్లు పడతాయి. రెండో విడత అయ్యాక ముందు కాళ్లు ఒక్కోటి ఎత్తి ముందుకు చాపండి, పట్టీ కింద ముడతపడ్డ చర్మం సర్దుకుంటుంది.

అయినా ఒరుగుతుంటే ఎక్కే పద్ధతి చూసుకోండి. నేల మీంచి ఎడమ రికాబులో, అంటే పాదం పెట్టే ఇనుప కొక్కెంలో, బరువంతా వేసి ఎక్కితే జీను ఎడమకు లాగేస్తుంది, గుర్రం వెన్నుకు కూడా అది నరకమే. ఎత్తైన మెట్టో బండో చూసుకుని ఎక్కండి. రికాబుల పొడవు రెండు వైపులా ఒకటేనా అన్నదీ చూడాలి. కొలత సులువు: వేళ్ల కొనలు జీనుకు రికాబు పట్టీ తగిలించిన చోట ఆనించి చెయ్యి చాపితే, రికాబు ఇనుము చంకలోకి రావాలి. దారి మధ్యలో జీను బాగా ఒరిగితే ఒంటిని అటూ ఇటూ ఎగరేసి సరిచేయాలని చూడకండి. ఆపి, దిగి, విప్పి, మళ్లీ వేయండి. మీరు ఎక్కేదాకా ఎవరూ కదలకూడదు.

ప్రశ్న: మా స్నేహితుడి బరువు 95 కిలోలు. అతను రావచ్చా?

జవాబు: తప్పకుండా రావచ్చు, తగిన గుర్రం దొరికితే. రౌతు, జీను, సంచి కలిపి గుర్రం బరువులో ఐదో వంతు దాటకూడదన్నది ఎక్కువమంది పాటించే హద్దు. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2008లో ప్రచురించిన అధ్యయనంలో, నాలుగో వంతు, ఆపైన బరువు మోసిన గుర్రాల్లో కండరాల నొప్పి, గుండె వేగం బాగా ఎక్కువగా కనిపించాయి. పది కిలోల తేలికపాటి జీను కలిపితే అతనిది 105 కిలోలు, కాబట్టి 525 కిలోలకు తగ్గని గుర్రం కావాలి. బరువైన వెస్టర్న్ జీను అయితే ఇంకా పెద్దది. ఈ మాట బుక్ చేసేటప్పుడే చెప్పాలి. మొహమాటపడి తక్కువ చెబితే మోసేది నోరులేని జీవం.

ప్రశ్న: నా గుర్రం అడుగడుక్కీ తల వంచి గడ్డి మేస్తుంది. చేతులు పీకుతున్నాయి.

జవాబు: తల కిందికి వెళ్లాక లాగితే మీరే ఓడిపోతారు, ఆ మెడ బలం ముందు మన చేతులు ఎంత? వంగబోయే ముందు చెవులు పచ్చిక వైపు తిరుగుతాయి, నడక మందగిస్తుంది. ఆ క్షణంలోనే కాళ్లతో ముందుకు నడపండి. అప్పటికే వంగితే రెండు పగ్గాలూ కాదు, ఒక్క పగ్గాన్ని పొట్టిగా పట్టి పక్కకు, పైకి లేపుతూ అదే సమయంలో కాలితో తట్టండి. ఒక్కసారి మేయనిస్తే ఇక దారంతా అదే తంతు. పైగా మీరు ఆగిన ప్రతిసారీ వెనక గుర్రం మీ గుర్రం తోకకు తగులుతుంది.

ప్రశ్న: గుర్రం బెదిరి పరుగు తీస్తే ఏం చేయాలి? ఎవరైనా పడిపోతే మిగతావాళ్లం ఏం చేయాలి? ఇంట్లోవాళ్ల భయమంతా ఇదే.

జవాబు: వాళ్ల భయంలో అర్థముంది, కాబట్టి బయల్దేరే ముందే అందరూ ఈ మాటలు ఒకసారి పైకి చెప్పుకోవాలి.

గుర్రం దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. కనబడనివి సరిగ్గా తోక వెనక, నుదుటి ముందు ఉన్న కాస్త చోటు. అందుకే పొదలోంచి పక్షి లేచినా, ఎవరో రెయిన్‌కోటు విప్పుతూ పటపటలాడించినా ముందుగా బెదిరేది అదే. బెదిరిన చోటే ఆపి, ఆ వస్తువును చూడనివ్వండి. ధైర్యమున్న గుర్రాన్ని ముందు నడిపిస్తే మిగతావి వెంట వస్తాయి. ఇక్కడ మంద స్వభావం మనకు మేలు చేస్తుంది.

పరుగే అందుకుంటే కేకలు వద్దు. జీనులో వెనక్కి కూర్చోండి, మడమలు కిందికి. రెండు పగ్గాలూ ఒకే బిగువుతో లాగిపట్టుకుంటే గుర్రం ఆ పట్టు మీదే ఆనుకుని ఇంకా పరుగెడుతుంది. లాగి, వదిలి, మళ్లీ లాగండి. మైదానంలో అయితే ఒక పగ్గంతో తలను మెల్లగా పక్కకు తిప్పి పెద్ద వలయంలో నడిపి, వలయాన్ని చిన్నది చేసుకుంటూ రండి. ఒక్కసారిగా తిప్పితే గుర్రం కాలు తప్పి పడుతుంది. ఇరుకు దారిలో తిప్పే వీలుండదు. అక్కడ ఒక చేత్తో పగ్గం పొట్టిగా పట్టి ఆ పిడికిలిని జూలు మీద ఆనించి, రెండో పగ్గాన్ని పైకి, వెనక్కి లాగి వదులుతూ ఉండాలి. చూస్తున్నవాళ్లు చేయగల సాయం ఒకటే, తమ గుర్రాలను కదలకుండా ఆపడం. వెంటపడితే అది పందెం అనుకుంటుంది.

మనిషి పడితే మొదట చూసినవాళ్లు ‘ఆగండి’ అని అరవాలి, అందరూ ఆగాలి. తప్పించుకున్న గుర్రం కోసం ఎవరూ పరుగులు పెట్టొద్దు. మంద నిలబడి ఉంటే అది చాలాసార్లు తనంతట తానే తిరిగి వస్తుంది. చివరి మనిషి తన గుర్రాన్ని పక్కవారికి అప్పగించి దిగి పడ్డవారి దగ్గరికి వెళ్లాలి. చెయ్యి పట్టి లేపేయడం, హెల్మెట్ ఊడదీయడం చేయొద్దు. మెడ, వెన్ను నొప్పి ఉన్నా, కాళ్లు చేతులు తిమ్మిరెక్కాయన్నా కదిలించకుండా అత్యవసర సేవకు ఫోన్ చేయాలి. క్షణమైనా స్పృహ తప్పడం, వాంతి, తల తిరగడం, అడిగిందే మళ్లీ అడగడం తలకు దెబ్బ తగిలిందనడానికి గుర్తులు. ‘నాకేం కాలేదు’ అన్నా మళ్లీ ఎక్కించకూడదు, ఆస్పత్రికే.

ఫోన్ ఒంటి మీద ఉండాలి. జీను సంచిలో పెడితే గుర్రంతో పాటే పోతుంది. హెల్మెట్ గుర్రపు స్వారీకి చేసిందే కావాలి, ఏఎస్‌టీఎం ఎఫ్1163 లాంటి ప్రమాణపు ముద్ర చూసుకోండి. సైకిల్ హెల్మెట్ తల వెనక భాగాన్ని అంతగా కాపాడదు. ఒకసారి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగున్నా పనికిరాదు. కాళ్లకు రెండు రెండున్నర సెంటీమీటర్ల మడమ ఉన్న బూట్లు వేసుకోండి. మడమ లేని బూటు రికాబులోంచి ముందుకు దూసుకుపోయి ఇరుక్కుంటుంది, పడ్డ మనిషిని గుర్రం ఈడ్చుకెళ్లేది అలాగే.

తేనెటీగలు, నేల గూళ్ల కందిరీగల గురించి ఒక మాట. మొదటి గుర్రం వాటిని లేపుతుంది, కాటు రెండో మూడో గుర్రానికి పడుతుంది. ‘ఈగలు’ అని అరిచి, ముందున్నవాళ్లు ముందుకు, ఇంకా ఆ చోటికి రానివాళ్లు వెనక్కి త్వరగా జరగాలి. ఆగి చూడటం ఒక్కటీ కూడదు.

ప్రశ్న: స్వారీ అయ్యాక మైదానంలో గుర్రాల మీదే ఏవైనా ఆటలు ఆడాలనుంది. కొత్తవాళ్లు కూడా ఆడగలిగేవి చెప్పండి.

జవాబు: కొత్తవాళ్లు గెలవగలిగే ఆటలే మంచి ఆటలు. వేగం మీద గెలుపు పెట్టారంటే వచ్చినవాళ్లే గెలుస్తారు, గుర్రాలు వేడెక్కుతాయి. నిదానం, నిలకడ మీద పెట్టండి.

స్థలం కనీసం 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉండాలి. ముందుగా కాలినడకన మొత్తం తిరిగి రాళ్లు, తీగలు, గుంతలు చూడండి. తడి గడ్డి మీద మలుపుల ఆటలు వద్దు, లాడాలు జారతాయి. గుర్రాల మధ్య ఎడం ఎప్పుడూ మూడు మీటర్లు.

మొదటి ఆటగా ‘ఆగు–నడువు’ పెట్టండి. అందరూ ఒక గీత దగ్గర వరుసగా నిలబడతారు. పిలిచేవారు ‘నడువు’ అంటే కదలాలి, ‘ఆగు’ అన్నాక మూడు లెక్కపెట్టేలోగా నాలుగు కాళ్లూ కదలకుండా నిలవాలి. నిలవని గుర్రం ఐదడుగులు వెనక్కి. ఈ ఒక్క ఆటతో ఎవరి చేతిలో గుర్రం ఉందో, ఎవరు గుర్రం చేతిలో ఉన్నారో తేలిపోతుంది. ఆగలేనివాళ్లను తర్వాతి ఆటల్లో నడకకే పరిమితం చేయొచ్చు.

చెంచాలో గుడ్డు ఆటకు గుడ్డు బదులు బంగాళాదుంప తీసుకోండి. ఒక చేత్తో చెంచా, ఒక చేత్తో పగ్గాలు. ‘ఆగు’, ‘వెనక్కి తిరుగు’, ‘ట్రాట్’ అని ఆజ్ఞలు మారుతుంటాయి, పడేసినవారు అవుట్. చెంచా చేతిని ఒంటికి దూరంగా చాపినవాళ్లే ముందు పడేస్తారు. మోచెయ్యి నడుముకు ఆనించుకుంటే ఊపు తగ్గుతుంది.

జంట రిబ్బన్ ఇంకా బాగుంటుంది. ఇద్దరు రౌతులు పక్కపక్కన నడుస్తూ మూడు మీటర్ల ముడతల కాగితపు రిబ్బన్‌ను చెరో కొసన పట్టుకుంటారు. తెగితే అవుట్. కాగితమే కావాలి. గుడ్డ, తాడు ఎంత మాత్రం వద్దు, మణికట్టుకు చుట్టుకోవడం అసలే వద్దు. గుర్రాలు విడిపోతే తెగాల్సింది రిబ్బనే. ఒకదాన్నొకటి చూసి చెవులు వెనక్కి వాల్చే గుర్రాలను జత కట్టకండి.

కర్రల మధ్య మెలికలు తిరిగే ఆటకు, అమెరికా పోల్ బెండింగ్ పోటీల్లో ఆరు కర్రలు 21 అడుగుల ఎడంతో పాతుతారు. మీకు 27, 28 అడుగులు పెట్టుకోండి, మలుపు సులువవుతుంది. తగిలితే వంగే ప్లాస్టిక్ గొట్టాలు వాడండి. ఇనుప ఊచ, మొన ఉన్న కర్ర గుర్రం కడుపులో దిగగలవు. కొత్తవాళ్లు కర్రనే చూస్తూ దాన్నే గుద్దుతారు. చూపు తర్వాతి కర్ర అవతలికి పోవాలి, గుర్రం చూపు వెంట వస్తుంది.

అన్నిటికంటే మాకు ఇష్టమైనది దారిలో నిధి వేట. వచ్చిన ఒకరిని, రాని ఒకరిని జతగా వేయండి. ఆధారాల చీటీలు నేలకు రెండు మీటర్ల పైన, రౌతు చెయ్యి చాపితే అందే ఎత్తులో కట్టండి, ఎవరూ దిగనక్కర్లేదు. గెలుపు ముందు వచ్చినవారికి ఇవ్వకండి. నాలుగు కిలోమీటర్ల దారికి 40 నిమిషాలు సరైన సమయమని ముందే రాసి మూసి పెట్టండి, దానికి దగ్గరగా వచ్చిన జంటే గెలిచినట్టు. పందెం ఆలోచనే పుట్టదు. జంటలను ఐదేసి నిమిషాల తేడాతో పంపండి. గుంపు విడిచి కదలని గుర్రాలుంటే మాత్రం ఈ ఆట మానుకోండి.

ప్రశ్న: మజిలీలో గుర్రాలను కట్టేసి మేం ఫ్రిస్బీ, బంతి ఆడుకుంటాం. ఎంత దూరంలో ఆడాలి? ఎలా కట్టాలి?

జవాబు: పగ్గాలతో ఎన్నడూ కట్టొద్దు. బెదిరి వెనక్కి గుంజితే కళ్లెం ఇనుము నాలుకను, దవడను కోస్తుంది. హాల్టర్, అంటే నోట్లో ఇనుము లేని తలపట్టీ, వేసి దాని తాడుతో గుర్రం మూపు ఎత్తున, రెండడుగుల పొడవు వదిలి, ఒక్క లాగుతో ఊడే ముడి వేయండి. ఎండిన చెట్టు, కదిలే గేటు, వాహనం అద్దం పనికిరావు. ఎక్కువ గుర్రాలుంటే రెండు బలమైన చెట్ల మధ్య ఏడడుగుల ఎత్తున తాడు బిగించి, గుర్రానికీ గుర్రానికీ పది పన్నెండు అడుగుల ఎడం ఇచ్చి కట్టడం మేలు. బెరడు కోసుకోకుండా చెట్టుకు వెడల్పు పట్టీ చుట్టాలి. గర్త్ రెండు రంధ్రాలు వదులు చేయండి.

ఆట కనీసం 50 మీటర్ల అవతల, గుర్రాలకు కనబడే చోట, పక్కవైపు ఆడండి. తల మీదుగా గాల్లో తేలి వచ్చే ఫ్రిస్బీ వాటికి మీదికి దూకే మృగంతో సమానం. బంతి గుర్రాల కాళ్ల కిందికి దొర్లితే వదిలేయండి. వంగి వెనక నుంచి తీయబోయినవారికే తాపు పడుతుంది. ఒకరు ఆడకుండా కాపలా ఉండాలి, వంతులు వేసుకోండి. దిగగానే పరుగుల ఆట కూడా వద్దు. రెండు గంటలు బిగుసుకున్న తొడ లోపలి కండరాలు పట్టేస్తాయి, పది నిమిషాలు నడిచాక మొదలుపెట్టండి.

ప్రశ్న: చెమటలో ఉన్న గుర్రానికి నీళ్లు పెట్టకూడదంటారు. నిజమా?

జవాబు: కాదు. దాహంగా ఉన్న గుర్రాన్ని తాగనివ్వాలి. వాగు దగ్గర అన్నీ తాగడం ముగించేదాకా ఎవరూ కదలకండి. ఒకటి బయల్దేరితే మిగతావి దాహం తీరకుండానే తల ఎత్తేస్తాయి. నీటిలో ముందు కాలితో అదేపనిగా కొడుతుంటే పడుకోబోతోందని అర్థం, వెంటనే కాళ్లతో తట్టి ముందుకు నడపండి.

అలసట తెలుసుకోవాలంటే గుర్రం ఎడమ ముందుకాలి మోచేతి వెనక చెయ్యి ఆనించి 15 సెకన్లు గుండె లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. విశ్రాంతిలో 28 నుంచి 44 ఉంటుంది. దూర స్వారీ పోటీల్లో సాధారణంగా 64ను హద్దుగా చూస్తారు. పావుగంట నీడలో ఆగినా అంతకు దిగకపోతే ఆ గుర్రంపై ఇక ఎక్కకండి, నడిపించుకుని వెళ్లండి.

ప్రశ్న: తిరిగొచ్చాక మేం చేయాల్సింది ఏమైనా ఉందా, లేక గుర్రాలను అప్పగించేయడమేనా?

జవాబు: ఆఖరి కిలోమీటరు పూర్తిగా నడక. వీలైతే దిగి, రికాబులు పైకి సర్ది, పక్కన నడవండి, మీ మోకాళ్లకూ మంచిదే. చేరాక డెక్కలు నాలుగూ ఎత్తి ఇరుక్కున్న రాళ్లు తీయండి. జీను తీశాక వెన్ను చూడండి. చెమట అంతటా సమానంగా ఉండాలి. తడి మధ్యలో అరచేయంత పొడి మచ్చ కనబడితే అక్కడ జీను ఒత్తిందని గుర్తు. దాన్ని గుర్రాన్ని చూసుకునేవారికి చూపించి చెప్పండి, మర్నాడు అదే జీను దాని మీద పడకుండా ఉంటుంది.